ఆరున్నర శ్రుతి: ఒపెరా బారిటోన్ గొంతు నేర్చుకున్న నా అనుభవం

మా ఊళ్లో గొంతు బాగుందంటే ఒకటే అర్థం, పైకి వెళ్తుందని. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. శ్రీరామనవమికీ శివరాత్రికీ పద్యనాటకం ఉండి తీరాల్సిందే. రాత్రి పదింటికి మొదలైతే కోళ్లు కూసేదాకా సాగేది. కృష్ణుడి వేషం వేసినాయన పద్యం చివర రాగం ఎత్తుకుని పైస్థాయిలో నిలబెడితే, చాపల మీద నిద్రపోయినవాళ్లు కూడా లేచి కూర్చుని "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. స్టేజీ ఎక్కి వేషానికి పిన్నులతో నోట్లు గుచ్చేవాళ్లు. నాన్నకు ఆ నాటకాలంటే ప్రాణం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏ పద్యం ఏ రాగమో చెప్పేవారు.

పదమూడేళ్లదాకా నేనూ ఆ పద్యాలు పాడేవాణ్ని. స్కూలు వార్షికోత్సవంలో ప్రైజులు కూడా వచ్చాయి. తర్వాత గొంతు మారింది. మిగతా పిల్లలకు కాస్త మారి ఆగితే, నాది దిగుతూనే పోయింది. ఒకరోజు నాన్న సైకిల్ మీద ఎక్కించుకుని ఓ హార్మోనియం మాస్టారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నాలుగు శ్రుతి పట్టి పాడమన్నారు. పద్యం సగానికి రాకముందే గొంతు పగిలింది. ఇంకోసారి పాడమన్నారు. ఇంకోసారీ అంతే. "లేవట్లేదు అబ్బాయ్, ఈ గొంతు పద్యానికి పనికిరాదు" అన్నారు. శ్రుతి తగ్గించి చూద్దామని ఆయనకూ తోచలేదు, అడగాలని మాకూ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు నాన్న ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "చదువుకో నాన్నా" అన్నారు, అంతే.

చదువుకున్నాను. ఉద్యోగం వచ్చింది, అమెరికా వచ్చాను, న్యూజెర్సీలో స్థిరపడ్డాను. పాతికేళ్లు స్నానాలగదిలో కూడా గట్టిగా పాడలేదు.

2015 సెప్టెంబర్ 25, శుక్రవారం. మా ఆఫీసులో ఒకాయన దగ్గర న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా టికెట్ ఒకటి మిగిలిపోయింది. వాళ్లావిడకు ఒంట్లో బాగాలేదట. "వస్తావా?" అని అడిగాడు. ఒపెరా అంటే మాటలన్నీ పాటలుగా సాగే పాశ్చాత్య నాటకమని తప్ప నాకేమీ తెలియదు. శుక్రవారం కాబట్టి సరేనన్నాను. సీట్లు అన్నిటికన్నా పై అంతస్తులో, ఫ్యామిలీ సర్కిల్‌లో. అక్కణ్నుంచి చూస్తే స్టేజీ మీద మనిషి అరచేతి ఎత్తు కూడా ఉండడు. దాదాపు 3,800 సీట్ల హాలు. పాడేవాళ్లకు మైకు ఉండదని నాకు అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

ఆ రోజు నాటకం ఇటాలియన్ స్వరకర్త వెర్డి రాసిన ఇల్ ట్రొవాటోరే. కౌంట్ దీ లూనా అనే పాత్రలో జుట్టంతా తెల్లబడిన ఒక మనిషి స్టేజీ మీదకి వచ్చాడు. ఇంకా నోరు తెరవలేదు, హాలంతా చప్పట్లు. ఎంతకీ ఆగవు. నాటకం అక్కడే నిలిచిపోయింది. పక్కనున్న ఆయన నా చెవిలో చెప్పాడు: "ద్మిత్రీ హ్వొరొస్తోవ్‌స్కీ. జూన్‌లో మెదడులో కణితి ఉందని ప్రకటించాడు. చికిత్స మధ్యలో పాడటానికి వచ్చాడు." అప్పుడాయనకు 52 ఏళ్లు.

రెండో అంకంలో ఆయనకు నెమ్మదిగా సాగే ఒక పాట ఉంది. ప్రేమించిన అమ్మాయి చిరునవ్వు నక్షత్రం వెలుగుకన్నా మిన్న అని పాడతాడు. ఆ గొంతు ఆ పై అంతస్తుదాకా వచ్చి నా ఒళ్లో కూర్చున్నట్టు అనిపించింది. కేక లేదు, బలవంతం లేదు. ఒక్కో వాక్యం ఎక్కడా తెగకుండా, నూనెధారలా సాగిపోతోంది. ఇక్కడ ఊపిరి తీసుకుంటాడు అని నేననుకున్న చోటల్లా తీసుకోకుండా దాటిపోయాడు. నాకు ఒళ్లు జలదరించిన సంగతి మాత్రం వేరే. ఆ గొంతు నా గొంతు ఉండే చోటే ఉంది. పనికిరాదన్నారే, ఆ చోటే. దాని కోసం నాలుగువేల మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

చివర తెర దగ్గర దండాలు పెడుతుండగా, కింద గోతిలో కూర్చునే వాద్యబృందం వాళ్లే లేచి ఆయన మీదకి తెల్ల గులాబీలు విసిరారు. పై నుంచి చూస్తున్న నాకు, చీకట్లోంచి తెల్లగా ఏవో పైకెగురుతున్నట్టు కనపడింది. పక్కాయన ఏడుస్తున్నాడు. నేనూ ఏడుస్తున్నాను.

ఇంటికొచ్చాక వారంపాటు ఆయన గురించే వెతికాను. చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ దగ్గర కొన్న సోవియట్ కథల పుస్తకాల్లో సైబీరియా, యెనిసీ నది అని చదివిన పేర్లు మళ్లీ ఎదురయ్యాయి. ఆయన పుట్టింది ఆ నది ఒడ్డునే, క్రాస్నోయార్స్క్‌లో, 1962లో. తండ్రి ఇంజనీరు, కానీ పాట పిచ్చి, పియానో పిచ్చి. కొడుక్కి మొదట సంగీతం అంటించింది ఆయనే. కుర్రతనంలో రాక్ బ్యాండ్‌లో కొన్నాళ్లు పాడి, తర్వాత యెకటెరీనా యోఫెల్ అనే గురువు దగ్గర చేరాడు. 1989లో వేల్స్‌లోని కార్డిఫ్ గాయకుల పోటీలో గెలిచాడు. ఆ ఏడాది ఓడిపోయినవాడు కూడా మామూలువాడు కాదు, బ్రిన్ టెర్ఫెల్. ఆయనకు కచేరీ గీతాల విభాగంలో బహుమతి దక్కింది. ఆ పోటీని ఇప్పటికీ బారిటోన్ల, అంటే బరువైన మగగొంతుల, యుద్ధం అని చెప్పుకుంటారు. న్యూయార్క్ మెట్‌లో హ్వొరొస్తోవ్‌స్కీ అడుగుపెట్టింది 1995లో.

తండ్రి దగ్గర మొదలైన పాట అన్న మాట చదివినప్పుడు మా నాన్న సైకిల్ గుర్తొచ్చింది.

2016 జనవరిలో గురువును వెతుక్కున్నాను. మా ఊరికి నలభై నిమిషాల దూరంలో ఉంటారు ఆవిడ. ఒకప్పుడు వేదికల మీద పాడి రిటైరయ్యారు, డెబ్బై దగ్గర పడుతున్నాయి. గంటకు 90 డాలర్లు. మా ఆవిడ "నిజంగానే నేర్చుకుంటావా?" అని ఒక్కసారే అడిగింది. అవునన్నాను. గురువారం సాయంత్రాలు పిల్లల బాధ్యత తను తీసుకుంది. ఈ అనుభవం మొత్తానికి ఆధారం ఆ గురువారాలే.

మొదటి రోజు ఆవిడ నన్ను పాట పాడమనలేదు. పియానో మీద ఒక్కో మెట్టూ దిగుతూ 'ఆ' అనమన్నారు. గొంతు గాలిగా మారేదాకా దించారు. తర్వాత మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్లారు. పది నిమిషాల్లో అయిపోయింది. "నువ్వు బారిటోన్‌వి. మంచి గొంతు, అస్సలు వాడని గొంతు" అన్నారు. ముప్పయ్యెనిమిదేళ్లకి నా గొంతుకు ఒక పేరు ఉందని తెలిసింది. గ్రీకులో ఆ మాటకు బరువైన ధ్వని అని అర్థమట.

మన సంగీతం తెలిసినవాళ్లకు ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటి శ్రుతిలో, అంటే వాళ్ల సి దగ్గర, షడ్జమం పెట్టుకుంటే, ఒపెరా బారిటోన్ మంద్రస్థాయి ధైవతం నుంచి తారస్థాయి పంచమం దాకా పాడాలి. టెనర్ అనే గొంతు ఆ పైన అతితార షడ్జమం అందుకోవాలి. బాస్ అనే గొంతు మంద్ర గాంధారం దాకా దిగాలి. ఈ లెక్క వేసుకున్న రోజున నాకు ఇంకో సంగతి తట్టింది. మా ఊరి స్టేజీ మీద నాలుగు శ్రుతిలో తారస్థాయి పంచమం పట్టుకుని నిలబెట్టేవాళ్లు కదా, అది సరిగ్గా ఇక్కడ టెనర్లు ప్రాణం పెట్టి అందుకునే ఆ అతితార షడ్జమమే, వాళ్ల మాటలో హై సి. అదీ రాత్రంతా. మా ఊరి కృష్ణుడు ఎంత గొప్పవాడో నాకు న్యూజెర్సీలో పియానో పక్కన నిలబడితే తెలిసింది. హార్మోనియం మాస్టారు నన్ను పాడమన్నది టెనర్ పాట అని కూడా అప్పుడే తెలిసింది.

బరువు గొంతులు మనకు లేకపోలేదు. ఘంటసాల కిందిస్థాయిలో ఒక మాట అంటే ఆ మాటకు నేలంత బలం వచ్చేది. కాకినాడలో పుట్టిన పి.బి.శ్రీనివాస్ గొంతు అంతా కింది అంతస్తులోనే కదా. కానీ వాళ్ల ముందు మైకు ఉంది. మైకు లేని స్టేజీ మీద బరువు గొంతు చివరి వరసదాకా ఎలా వెళ్తుందన్నది నాకు పెద్ద ప్రశ్న. దానికి జవాబు నేర్చుకోవడానికే రెండేళ్లు పట్టింది.

జవాబు గట్టిగా అరవడం కాదు. వాద్యబృందం మోత ఎక్కువగా ఉండేది 500 హెర్ట్జ్ చుట్టుపక్కల. 3,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఆ మోత బాగా పలచబడుతుంది. మనిషి చెవి మాత్రం అక్కడే చురుగ్గా వింటుంది. శిక్షణ పొందిన ఒపెరా గొంతులో సరిగ్గా ఆ చోట ఒక మెరుపు పుడుతుంది. స్వరపేటిక కిందికి దిగి, గొంతు వెనక భాగం ఆవలింత మొదలైనప్పటిలా విచ్చుకుంటే అది వస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని కొలిచి చూపించారు. అంటే వంద వాద్యాల మధ్య గాయకుడు ఒక ఖాళీ సందు వెతుక్కుని అందులోంచి వెళ్తాడు. నాకు ఆ మెరుపు మొదటిసారి వచ్చినరోజు ఆవిడ పియానో ఆపి "విన్నావా?" అన్నారు. నాకు నా పాట చిన్నగా, సన్నగా వినిపించింది. కానీ గదిలో కిటికీ అద్దం సన్నగా మోగుతోంది. మన గొంతు మన చెవికి ఎలా వినపడుతుందో దాన్ని నమ్మకూడదు అన్నది ఆవిడ నేర్పిన మొదటి కఠినమైన పాఠం.

ఊపిరి సంగతి ఇంకా కష్టం. మొదటి ఆరు నెలలు పాటలకన్నా ఊపిరే ఎక్కువ. నేలమీద వెల్లకిలా పడుకుని పొట్టమీద పుస్తకం పెట్టుకోవడం, పళ్ల సందులోంచి 'స్స్' అంటూ గాలి వదలడం. మొదట్లో పన్నెండు సెకన్లకే అయిపోయేది. ఏడాది తర్వాత ముప్పయ్ దాటింది. నాకు ప్రాణాయామం అలవాటు ఉంది కాబట్టి తేలికనుకున్నాను. కాదు. ఇక్కడ గాలి బయటికి పోతున్నా పక్కటెముకలు ముడుచుకోకూడదు, గొడుగు తెరిచినట్టే ఉండాలి. పాట ఆ గొడుగు మీద ఆనుకుని నిలబడాలి. ఇటాలియన్లు దీన్ని అప్పొజ్జో అంటారు, ఆనుకోవడం అనే అర్థంలో.

అపార్ట్‌మెంట్‌లో పాడితే పక్కవాళ్లకు ఇబ్బంది. అందుకని పొద్దున్నే మెట్రోపార్క్ స్టేషన్‌కు అరగంట ముందే వెళ్లి, కారు అద్దాలు బిగించుకుని సాధన చేసేవాణ్ని. చిన్నపిల్లలు కారు ఆట ఆడుతూ పెదాలు 'బుర్ర్' మనిపిస్తారు చూడండి, అలా పెదాలు ఆడిస్తూ సరిగమలు. తర్వాత సన్నటి స్ట్రాలోంచి ఊదుతూ స్వరాలు. ఆ తర్వాతే నోరు తెరవడం.

గమకం నన్ను చాలా ఏడిపించింది. పద్యాలు విని పెరిగిన గొంతు కదా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారకుండా ఉండలేను. "జారుతున్నావు, మెట్టు మీద అడుగువెయ్యి" అని ఆవిడ ఎన్నిసార్లు అన్నారో. జారకుండా, అలాగని తెగకుండా పాడటమే లెగాటో. నాకది దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే వాళ్ల స్వరలిపి, ఇంకో తలనొప్పి. మన షడ్జమం ఎక్కడ పెట్టుకుంటే అక్కడ ఉంటుంది, వాళ్ల సి కదలదు. ఈ రెండూ బుర్రలో కలవక చాలా రోజులు టెన్షన్ పడ్డాను.

ఇటాలియన్ భాష మాత్రం నన్ను ఆదుకుంది. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అనడం మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి. పాడేవాడికి అసలు లాభం వేరేచోట ఉంది. మనం ప, త, క పలికితే నోట్లోంచి గాలి తన్నదు. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లకు తన్నుతుంది, అది మానడానికి వాళ్లు నెలలు కష్టపడతారు. ఇంకొకటి ఒత్తు. ఇటాలియన్‌లో పాలా అంటే పార, పల్లా అంటే బంతి. కల, కల్ల తేడా తెలిసిన మనకు దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటిసారి ఇటాలియన్ పాట చదివినప్పుడు ఆవిడ "ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగారు. ఒకటో తరగతిలో అని చెప్పాను. నిజమే కదా, వత్తులు అక్కడే నేర్చుకున్నాం.

2016 చివర్లో తప్పు చేశాను. రికార్డింగులు విని, గురువుకు చెప్పకుండా కారులో పైస్వరాలు బలవంతంగా అందుకోవడం మొదలుపెట్టాను. బారిటోన్ గొంతుకు ఒకటి శ్రుతి లెక్కన తార రిషభం, గాంధారం మధ్యలో ఒక గుమ్మం ఉంటుంది. పస్సాజో అంటారు. అక్కడ గొంతు తీరు మార్చుకుని, తల వంచి దాటినట్టు దాటాలి. నేను తలుపు విరగ్గొట్టబోయాను. మూడు వారాల్లో గొంతు బొంగురుపోయింది. ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూపించారు. స్వరతంత్రులు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. కడుపులో ఆమ్లం రాత్రిళ్లు పైకి తన్నడం కూడా ఒక కారణం అన్నారు. రెండు వారాలు మౌనం. రాత్రి భోజనం ఏడింటికల్లా. రాత్రిపూట ఆవకాయ, గోంగూర బంద్. ఇప్పటికీ అంతే.

ఆ డిసెంబర్‌లోనే హ్వొరొస్తోవ్‌స్కీ, శరీరం తూకం నిలవడం లేదు కాబట్టి ఇక ఒపెరా నాటకాల్లో పాడలేనని ప్రకటించాడు. నేను మాట్లాడకూడని రోజుల్లో ఆ వార్త చదివాను. మాట్లాడగలిగినా ఏం మాట్లాడేవాణ్నో తెలియదు.

అయితే 2017 మే 7న, మెట్ ఒపెరా లింకన్ సెంటర్‌కు వచ్చి యాభై ఏళ్లయిన సందర్భంగా జరిగిన సభలో ఎవరూ అనుకోకుండా ఆయన వచ్చాడు. వెర్డిదే రిగొలెటో అనే నాటకంలోని ఒక పాట పాడాడు. నేను తర్వాత రికార్డింగ్‌లో చూశాను. జూన్‌లో భుజానికి దెబ్బ తగిలి ఉన్నా సొంత ఊరు క్రాస్నోయార్స్క్ వెళ్లి పాడాడు. నవంబర్ 22న లండన్‌లో పోయాడు. 55 ఏళ్లు. బారిటోన్ గొంతు నిండుగా పండేదే నలభై దాటాక అంటారు. ఆయన ఎక్కాల్సిన మెట్లు ఇంకా ఉన్నాయి.

ఆ గురువారం పాఠానికి వెళ్తే ఆవిడ పియానో మూత తియ్యలేదు. ఇద్దరం కూర్చుని ఆయన పాటలు విన్నాం. గంట అయ్యాక లేచాను. డబ్బు తీసుకోలేదు.

2019 వసంతంలో మా పక్క ఊరి ఔత్సాహిక ఒపెరా బృందం రిగొలెటో వేస్తోందని తెలిసింది. కోరస్‌కు మగవాళ్లు కావాలట. ఆ నాటకంలో కోరస్ అంతా మగవాళ్లే, రాజుగారి కొలువులో ఉండే పెద్దమనుషులు. ఆవిడ వెళ్లమన్నారు. ఒక ఇటాలియన్ పాట పాడాను, చేతికిచ్చిన కాగితం చూసి నాలుగు వరసలు తడబడుతూ చదివాను. తీసుకున్నారు. మంగళ, గురువారాలు ఒక చర్చి నేలమాళిగలో రిహార్సల్స్.

కథ తెలియనివారి కోసం చెబుతాను. రిగొలెటో గూనివాడు, మాంటువా ప్రభువు కొలువులో విదూషకుడు. అందరినీ ఎగతాళి చెయ్యడం అతని ఉద్యోగం. ఇంట్లో ఒక్కగానొక్క కూతురు. ఆ అమ్మాయిని కొలువులోని వాళ్లు ఎత్తుకుపోయి ప్రభువుకు అప్పగిస్తారు. వెనిస్‌లో లా ఫెనీచే థియేటర్‌లో 1851 మార్చి 11న మొదటిసారి ఆడింది. ఆ రోజు ఆ పాత్ర పాడిన బారిటోన్ ఫెలీచే వరేసి. ప్రేమించేవాడి పాటలన్నీ టెనర్‌కి వెళ్లిపోతున్న రోజుల్లో, వెర్డి ఒక తండ్రి గుండెకోతను నాటకం మధ్యలో పెట్టి బరువు గొంతు చేతికిచ్చాడు. నా దృష్టిలో ఒపెరాలో అంతకన్నా పెద్ద న్యాయం జరగలేదు.

మా పని రాత్రిపూట చప్పుడు చెయ్యకుండా ఆ అమ్మాయిని ఎత్తుకుపోవడం, ఆ పని చేస్తూ పాడటం. 'త్సిత్తి' అంటూ మొదలవుతుంది, సద్దు చెయ్యకండి అని. మొదటి అక్షరం మన చలిలో చ, రెండోది నిండు త్త ఒత్తు. కోరస్ మాస్టర్ ఆ ఒత్తు ఎలా పలకాలో అందరికీ చూపించమని నన్ను ముందు నిలబెట్టారు. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

రిగొలెటోగా పాడినాయన పగలు స్కూల్లో పిల్లలకు సంగీతం చెబుతాడు. నలభై ఆరేళ్లు. ఇరవైల్లో చిన్న పాత్రలు, ముప్పైల్లో ఊరూరా ఆడిషన్లు, సొంత డబ్బుతో ప్రయాణాలు. "ఆటకింత అని ఇస్తారు. జలుబు చేస్తే పాడలేను, పాడకపోతే డబ్బు లేదు" అన్నాడు ఒకరోజు కాఫీ తాగుతూ. న్యూయార్క్ బ్రాంక్స్‌లోనే పుట్టిన గొప్ప బారిటోన్ లెనర్డ్ వారెన్ 1960 మార్చి 4న మెట్ స్టేజీ మీద పాడుతూనే కూలిపోయి, 48 ఏళ్లకే పోయిన సంగతి నాకు చెప్పింది ఆయనే. చెప్పి, కప్పు పక్కన పెట్టి, వెళ్లి మళ్లీ రెండో అంకం మొదలుపెట్టాడు.

రెండో అంకం. కూతురు కనపడక రిగొలెటో కొలువులోకి వస్తాడు. వయొలిన్లు సుడిగాలిలా తిరుగుతుంటే మమ్మల్ని తిడతాడు, నీచులారా అని. తలుపు మీద పడతాడు, మేం తోసేస్తాం. అప్పుడు గొంతు మారుతుంది. తిట్టడం మాని, గుంపులో ఒక మనిషి వైపు తిరిగి పేరు పెట్టి పిలుస్తాడు. మరుల్లో, అయ్యా, నీది మెత్తటి మనసు, నువ్వైనా చెప్పు, నా బిడ్డను ఎక్కడ దాచారు అని. మరుల్లో పలకడు. ఇక ఒక చెల్లో ఏడుస్తున్నట్టు వాయిస్తుండగా అందరినీ క్షమించమని వేడుకుంటాడు.

మెట్ సభలో 2017లో హ్వొరొస్తోవ్‌స్కీ పాడింది ఈ పాటే. ఆ రాత్రి రిహార్సల్ నుంచి ఇంటికొచ్చి ఆయన జీవితం గురించి మళ్లీ చదువుతుంటే, ఇంతకుముందు చూసి కూడా పట్టించుకోని ఒక వాక్యం కంటపడింది. క్రాస్నోయార్స్క్ థియేటర్‌లో ఆయన మొట్టమొదట వేసిన వేషం రిగొలెటోలో మరుల్లో. ఇరవైల్లో ఉన్న కుర్రాడు ఆ గుంపులో నిలబడి, ఎవరో పెద్దాయన తన వైపు తిరిగి వేడుకుంటుంటే జవాబు చెప్పకుండా విన్నాడు. మూడు దశాబ్దాల తర్వాత, నిలబడటమే కష్టమైన ఒంటితో, అదే పేరు తను పిలిచాడు.

అప్పట్నుంచి ఆ సీన్‌లో నేను నిలబడ్డ తీరు మారిపోయింది. మా మరుల్లో నా ఎడమపక్కనే ఉండేవాడు. మూడు ఆటలు వేశాం. మూడింట్లోనూ ఆ పేరు పిలిచినప్పుడు రిగొలెటో కళ్లు మా ఇద్దరి మధ్య ఆగేవి. కోరస్‌లో వాళ్లు అక్కడ కదలకూడదు. కదలకుండా నిలబడటం అంత కష్టమైన పని నేను ఇంకోటి చెయ్యలేదు.

ఆ తర్వాత కరోనా వచ్చి రెండేళ్లు పాఠాలు కంప్యూటర్‌లోనే నడిచాయి. దాని గురించి చెప్పేంత ఏమీ లేదు. ఇప్పుడు ఆవిడ నాకు లా ట్రవియాటా అనే ఒపెరాలో తండ్రి పాత్ర పాట ఒకటి నేర్పుతున్నారు. గుమ్మం దాటడం ఇంకా ప్రతిసారీ కుదరదు. పదిసార్లలో ఏడుసార్లు దాటుతున్నాను.

2022లో నాన్న మా ఇంటికి వచ్చారు. రిగొలెటో రికార్డింగ్ మొత్తం కూర్చుని చూశారు. భాష తెలియదు, కథ నేను చెప్పాను. రెండో అంకంలో ఆ పాట అయిపోయాక "వన్స్ మోర్ అడగరా ఇక్కడ?" అన్నారు. చప్పట్లే కొడతారు నాన్నా అన్నాను. "నీ గొంతేదిరా అందులో?" అన్నారు. కింద, అందరికన్నా కింద వినపడేది అన్నాను. మళ్లీ పెట్టమని, కళ్లు మూసుకుని విన్నారు.

మర్నాడు పొద్దున మా అమ్మాయి చిన్న కీబోర్డు ఒళ్లో పెట్టుకుని నన్ను పిలిచారు. నాలుగు శ్రుతి మీటి, తల అడ్డంగా ఊపి, కిందికి దిగారు. మూడు. రెండున్నర. ఒకటి. నేను ఏమీ అనలేదు. ఒకటి కూడా దాటి ఇంకా కిందికి వచ్చి, కింది స్థాయిలో ఉండే ఆరున్నర దగ్గర వేలు ఆపారు. "ఇదీ నీది" అన్నారు.

పదమూడేళ్లప్పుడు పగిలిన పద్యమే ఎత్తుకున్నాను. సగం దాటింది. చివర రాగం దగ్గర, అలవాటుకొద్దీ ఆపబోయాను. నాన్న మీట మీద వేలు తియ్యలేదు.

"ఊపిరుందిగా, ఇంకాస్త తియ్యి" అన్నారు.